బెంగళూరు కొలువు నుంచి పల్లె పనిలోకి: అనంతపురం, కర్నూలు వైపు ఈ దారిన వచ్చినవారు చెప్పగలరా?

ప్రశ్న: కళ్యాణదుర్గం కుర్రాడు

పెద్దలందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గరి ఒక పల్లె. నాన్నగారు ఇప్పటికీ మెట్ట పొలంలో వేరుశనగే వేస్తారు. నేను ఇంజనీరింగ్ పూర్తయినప్పటి నుంచి బెంగళూరులో ఒక కంపెనీలో డేటా విశ్లేషణ పని చేస్తున్నాను. ఏటా బడులు తెరిచే సమయానికి మా మిత్రబృందం చుట్టుపక్కల పల్లెలకు వచ్చి, పిల్లలకు నోటు పుస్తకాలు, సంచులు పంచి, ఫోటోలు దిగి, ఆదివారం రాత్రి బస్సుకు తిరిగి వెళ్లిపోతుంది. ఈసారి ఒక ప్రధానోపాధ్యాయులు మమ్మల్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "సంచులు ప్రభుత్వమూ ఇస్తోంది, మీరూ ఇస్తున్నారు. దసరా దాటాక అమ్మానాన్నల వెంట వలస పోయే పిల్లల్ని బడిలో నిలబెట్టే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి బాబూ" అన్నారు. మాలో ఎవరి దగ్గరా సమాధానం లేదు.

అప్పటి నుంచి ఉద్యోగం మానేసి ఇక్కడే ఏదైనా సంస్థలో చేరాలన్న ఆలోచన నన్ను వదలడం లేదు. ఇంట్లో మాత్రం "నిన్ను చదివించింది మళ్లీ ఈ ఎండలో తిరగడానికా?" అంటున్నారు. వారి మాట కూడా నాకు తప్పుగా తోచడం లేదు. ఈ రంగంలోకి మీరు ఏ దారిన వచ్చారు, తొలి ఏడాది రెండేళ్లు నిజంగా ఏ పని చేశారు, ఇల్లు ఎలా గడిచింది అన్నవి దాచకుండా చెప్పగలరని కోరుతున్నాను. విజయగాథలు చాలానే విన్నాను కనుక, పని తీరు తెలిస్తే నాకు ఎక్కువ మేలు.

జవాబు: మెట్టసేద్యం, అనంతపురం

తమ్ముడూ, నేను శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, 1990ల చివరలో వాననీటిని, మట్టిని వాలులోనే ఆపడానికి ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే వాటర్‌షెడ్ పథకంలో క్షేత్ర కార్యకర్తగా చేరాను. సేవ చేయాలని తపించి చేరానంటే అది అబద్ధమే అవుతుంది. ఇంటికి దగ్గరలో దొరికిన మొదటి ఉద్యోగం అది. పని మీద మనసు కుదరడం తర్వాతి సంగతి.

కరువు ప్రాంత పథకాలను సమీక్షించిన హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన నివేదికను బట్టి 1995 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్లను ఒక వాటర్‌షెడ్‌గా తీసుకుని, ఏ పని ఎక్కడ చేయాలో గ్రామస్థుల కమిటీయే నిర్ణయించాలని అవి చెప్పాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేని మన జిల్లాలో, ఈ పని గుట్ట మీద మొదలై పల్లానికి దిగాలి. పైన రాతి కట్టలు, కందకాలు వేసి నీటి వేగాన్ని తగ్గించకుండా కింద చెక్‌డ్యాం కడితే, అది తొందరలోనే మట్టితో పూడిపోతుంది. కాగితం మీద ఇది చిన్న పిల్లలకు కూడా అర్థమయ్యే సూత్రం. ఊళ్లో మాత్రం నేను పనిచేసినంత మేరకు, గుట్ట వాలులోని గరుసు నేలలు ఎక్కువగా పేదలవి, చాలాచోట్ల ప్రభుత్వం పేదలకు పంచిన డి పట్టా భూములు. పల్లంలో బోర్లున్న పొలాలు పెద్ద రైతులవి. చెక్‌డ్యాం ముందు కట్టితే వెంటనే నీళ్లు పెరిగేది పల్లం బోర్లలో. కమిటీలో కుర్చీలు కూడా వారివే కాబట్టి, 'ముందు ఎక్కడ మొదలుపెట్టాలి' అన్న ఒక్క మాట దగ్గరే ఊరు రెండుగా చీలేది.

నా తొలి రెండేళ్ల పనిలో ఎక్కువ భాగం ఆ తగవు తేలే దాకా రచ్చకట్ట మీద కూర్చోవడమే. సమావేశంలో నోరు విప్పని వాలు పొలం రైతు, అది ముగిసి నేను మోటారు సైకిల్ ఎక్కేటప్పుడు హ్యాండిల్ పట్టుకుని, "సార్, అక్కడ చెప్తే రేపు నాకు వాళ్ల పొలంలో కూలి పిలుపు రాదు" అని అసలు విషయం చెప్పేవాడు. మినిట్స్ పుస్తకంలో ఎక్కే మాట ఒకటి, పనికి అక్కరకొచ్చే మాట మరొకటి. ఆ రెండోది వినాలంటే ఆఖరు బస్సుకు వెళ్లిపోయేవాడికి కుదరదు. చివరకు చాలా ఊళ్లలో కుదిరిన రాజీ ఒకటే. పైన సగం కట్టలు పూర్తయ్యాకే కింద సిమెంటు పని మొదలుకావాలని గ్రామసభలో తీర్మానం రాయించుకునేవాళ్లం. అన్ని ఊళ్లలోనూ అది నిలిచిందని చెప్పను.

మన జిల్లాలో ఈ మాటెత్తగానే అందరూ విన్సెంట్ ఫెర్రర్ గారి కథ చెబుతారు. 1968లో ప్రభుత్వం మహారాష్ట్ర విడిచి వెళ్లమన్న ఒక స్పానిష్ క్రైస్తవ గురువు, 1969లో అనంతపురం చేరి, అన్నే ఫెర్రర్ గారితో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిర్మించి, 2009లో ఇక్కడే కన్నుమూయడం నిజంగానే పెద్ద కథ. అయితే జనం ఆయన వచ్చిన రోజును గుర్తుపెట్టుకుని, ఉండిపోయిన నలభై ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ సంగతీ అంతే. 1990లో 32 ఎకరాల బీడు భూమితో మొదలైన ఆ పనిలో, చెట్లు తిరిగి లేవడానికీ మహిళల పొదుపు సహకార సంఘాలు తమ కాళ్ల మీద నిలబడడానికీ పట్టిన కాలం తక్కువది కాదు. నువ్వు ఉద్యోగం ఎప్పుడు మానాలా అని ఆలోచిస్తున్నావు. ఎన్నేళ్లు ఉండగలవో ముందుగా ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క వేసుకో.

జవాబు: ఓర్వకల్లు పొదుపు, కర్నూలు

బాబూ, పల్లె పనిలోకి వచ్చే దారి అడిగారు. మాలాంటివాళ్లం ఊరి పొలిమేర దాటకుండానే ఇందులోకి వచ్చాం. ఆ దారి సంగతి కూడా మీకు తెలియాలని రాస్తున్నాను.

1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో మహబూబ్‌నగర్, అనంతపురం, కర్నూలు జిల్లాల్లోని కొన్ని మండలాల్లో పేదరిక నిర్మూలన పథకం ఒకటి నడిచింది. ఓర్వకల్లు వాటిలో ఒకటి. 2000లో వచ్చిన వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకానికీ, ఆ తర్వాతి ఇందిరా క్రాంతి పథానికీ ఆ అనుభవమే పునాది. పదో తరగతి చదివిన కోడలు ఊళ్లోకి వచ్చిందని తెలిసి, మహిళల పొదుపు సంఘం లెక్కల పుస్తకాలు రాయడానికి నన్ను పిలిచారు. మా అత్తగారు ఒప్పుకున్నది నా చదువు మీద గౌరవంతో కాదు, సమావేశం మా ఎదురింటి అరుగు మీదే జరుగుతుందన్న ధీమాతో!

పొదుపు, సమావేశం, లోపలి అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాలు: ఈ అయిదింటినీ మేము పంచసూత్రాలు అంటాం. వినడానికి పాఠంలా ఉంటుంది కానీ, కష్టమంతా మూడోదాంట్లో ఉంది. సంఘం డబ్బు ఒకరికే సరిపోయేటంత ఉన్నప్పుడు ఒకామె గేదె కొనాలంటుంది, ఇంకొకామె కూతురి కాన్పు అంటుంది. ఎవరికన్నది పదిమందీ ఒప్పుకునే దాకా పుస్తకంలో పేరు రాయకుండా కలం మూసి పెట్టుకోవాలని మా అక్క ఒకరు నేర్పారు, ఎందుకంటే రాసి కొట్టేసిన పేరు సంఘాన్ని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక మన రాష్ట్రం మహిళలు బిహార్ వంటి చోట్లకు వెళ్లి, అక్కడి ఊళ్లలోనే బసచేసి సంఘాలు కట్టించారు. డిగ్రీలు చదివి వెళ్లినవాళ్లు కారు వాళ్లు, ఇలా అరుగుల మీద నేర్చుకున్నవాళ్లు.

మీ ప్రధానోపాధ్యాయులు అడిగిన దానికి నాకు తెలిసినంత చెబుతాను. కోసిగి, మంత్రాలయం వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. మిరపకాయ కోతలకూ పత్తి తీతకూ గుంటూరు వైపు కుటుంబాలు కదులుతాయి. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు కాబట్టి బస్సెక్కే రోజు మీరు వెళ్లి నచ్చజెప్పితే లాభం లేదు. ఎవరు వెళ్తున్నారు, ఏ ఇంట్లో అవ్వాతాతలు ఉండిపోతున్నారు, ఏ పిల్లను చంటిబిడ్డను చూసుకోవడానికి తీసుకుపోతున్నారు అన్నది అడ్వాన్సు అందక ముందే సంఘం సమావేశంలో తేలాలి. అవ్వ ఉన్న ఇంటి పిల్లలను ఆమె దగ్గర, లేనివాళ్లను సర్వశిక్షా అభియాన్ కాలంలో వచ్చిన, వలస నెలల్లో నడిపే సీజనల్ హాస్టళ్లలో ఉంచడం కుదురుతుంది. హాస్టల్ మంజూరు వలస మొదలయ్యాక వస్తే పిల్లలు అప్పటికే మిరప చేలలో ఉంటారు, కనుక జాబితాతో మండల విద్యాశాఖాధికారి దగ్గరకు ముందే వెళ్లేవాళ్లు ఊరికొకరు కావాలి. మీరు పంచే సంచుల ఖర్చు ఆ తిరుగుడు ఛార్జీలకు సరిపోతుంది.

జవాబు: పద్దుల మనిషి, అనంతపురం

పై ఇద్దరూ చెప్పని సంగతి జీతం. నేను సంస్థల లెక్కలు చూసేవాణ్ణి కనుక మొహమాటం లేకుండా రాస్తున్నాను. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వడాన్ని కూడా ఆపేసింది. పెద్ద సంస్థల నుంచి వాటా తెచ్చుకుని నడిచే చిన్న సంస్థలకు ఇది పెద్ద దెబ్బ. ఇక 2013 కంపెనీల చట్టం కింద లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టే కంపెనీల డబ్బు ఉంది కానీ, వాటికి ఏడాది తిరిగేలోగా ఫోటో తీసి చూపగల పని కావాలి. పై అన్న చెప్పిన తగవు తీరడానికే ఏడాది పడుతుంది!

అందుకే చాలా ఉద్యోగాలు ప్రాజెక్టుతో మొదలై ప్రాజెక్టుతో ముగుస్తాయి. నేను పనిచేసిన ఒక సంస్థలో విడత నిధులు ఆగి నెలల తరబడి జీతాలు నిలిచిపోయాయి. పిల్లల ఫీజు కట్టే నెలలోనే అది జరిగింది. చేరే ముందు నిధి ఎన్నేళ్లకు, పీఎఫ్ కడతారా, ప్రాజెక్టు ముగిశాక పాతవాళ్లను ఎక్కడ సర్దారు అని అడగండి. అలా అడిగినవారిని సేవాభావం లేనివారిగా చూసే సంస్థలో చేరకండి. బ్యాంకు అప్పులు తీర్చుకున్నాకే రాజీనామా పత్రం రాయండి.

ప్రశ్న అడిగినవారి మాట: కళ్యాణదుర్గం కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీరు చెప్పిన జాబితా పని మా ఊరి సంఘంతో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చునని అనిపిస్తోంది. ఒక సందేహం: నాకు తెలిసింది డేటా పని మాత్రమే. దానికి ఇక్కడ చోటు ఉందా, లేక కొత్తగా చదువుకోవాలా?

జవాబు: మస్టరు రోలు, నార్పల

చోటు ఉంది, అయితే తెర ముందు కూర్చునే చోటు కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా మండలంలోని బండ్లపల్లిలోనే దేశానికి ప్రారంభమైంది. ఆ తర్వాత మన రాష్ట్రంలో ఆ పనుల, కూలి లెక్కలను ఊళ్లోనే జనం ఎదుట సరిచూసే సామాజిక తనిఖీలు వచ్చినప్పుడు నేను గ్రామ తనిఖీదారుగా తిరిగాను. మస్టరులోని, అంటే కూలీల హాజరు పట్టీలోని వివరాలు అప్పటికే కంప్యూటర్‌లో ఉండేవి. మా పని ఆ ముద్రిత కాగితాలు పట్టుకుని గడప గడపకూ వెళ్లి, "అమ్మా, ఫలానా వారం కుంట పనికి ఆరు రోజులు పోయినట్టుంది, పోయినావా?" అని అడగడం. ఒకామె ఆ వారం తమ్ముడి పెళ్లికి తాడిపత్రిలో ఉన్నానని చెప్పింది. మరొకామె పనికి పోయింది, కాగితంలో పేరే లేదు. రెండు సంగతులూ తనిఖీ చివర జరిగే బహిరంగ సభ అయిన ప్రజావేదికలో, ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు ఎదుట చదివి వినిపించాలి, ఆ ఆడవాళ్లు అక్కడ నిలబడి అవునని చెప్పాలి. చెప్పించగలిగేది నీ విశ్లేషణ కాదు, ముందు రాత్రి వాళ్ల ఇంటి ముందు నువ్వు కూర్చున్న గంట. నీలాంటివాడు చేయగల మేలు ఏమిటంటే, ఏ ఇళ్లకు ముందు వెళ్లాలో ఆ వేల వరుసల్లోంచి ఏరి ఇవ్వడం. మాకు ఆ పని చేతకాక అన్ని గడపలూ తిరిగేవాళ్లం.

జవాబు: మెట్టసేద్యం, అనంతపురం

చదువు సంగతి నేను చెబుతాను. బెంగళూరులోనే ఉన్నావు కనుక అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో అభివృద్ధి విభాగం ఎం.ఏ. ఉంది. రెండేళ్లు వెచ్చించలేకపోతే స్టేట్ బ్యాంకు వారి యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలది, 21 నుంచి 32 ఏళ్ల వయసు వారికి. ఆ కాలమంతా ఏదో ఒక సంస్థతో పల్లెలో ఉండాలి కాబట్టి, ఇది నీకు సరిపడుతుందో లేదో ఉద్యోగ జీవితం పూర్తిగా తెగిపోకుండానే తెలుస్తుంది. అంతకంటే ముందు ఒక వారం సెలవు పెట్టి వచ్చి మాతో తిరిగి చూస్తానంటే రా, కానీ తొలకరికి ముందే రా. విత్తనం వేసే రోజుల్లో ఏ రైతూ నీతో కూర్చుని మాట్లాడడు, మీ నాన్నగారితో సహా.