అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం: పాత పుస్తకాలు వెతికినవారి అనుభవాలు

పాతపుటలు: నిజాం కాలం నాటి తెలంగాణ పాఠశాలల గురించి సమాచారం సేకరిస్తున్నాను. హైదరాబాదు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో వెతకాలని అనుకుంటున్నాను. వెళ్ళేముందు ఏం సిద్ధం చేసుకోవాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

మూసీతీరం: ముందుగా దాని చరిత్ర కొంత తెలుసుకోండి, ఎందుకంటే ఏ పుస్తకాలు అక్కడికి ఎందుకు చేరాయన్నది అందులోనే ఉంది. 1891లో అబిడ్స్‌లో ఆసఫియా కుతుబ్‌ఖానాగా మొదలైన ఈ గ్రంథాలయానికి పునాది వేసినవారు నవాబ్ ఇమాద్‌ ఉల్ ముల్క్, అంటే సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ. మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గరలో ఇప్పుడు మనం చూసే భవనానికి 1932లో శంకుస్థాపన జరిగింది. 1936లో గ్రంథాలయం అందులోకి మారింది. 1955లో హైదరాబాదు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాక ఇది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. సంస్థానంలో పాలనా భాష 1880లలో పారశీకం నుంచి ఉర్దూకు మారింది కాబట్టి, మీ అంశంపై ప్రభుత్వ నివేదికలు తెలుగులో దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. ఉర్దూ చదవగలిగిన వారిని వెంటబెట్టుకుని వెళ్ళడం మేలు.

తాళపత్రం: ఒక్క మాట చేర్చనివ్వండి. అరబ్బీ, పారశీక, ఉర్దూ రాతప్రతుల కోసమైతే అఫ్జల్‌గంజ్ వెళ్ళి ప్రయోజనం లేదు. అవి చాలాకాలం క్రితమే ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి తరలిపోయాయి. పాత పరిశోధన గ్రంథాల పాదసూచికల్లో మాత్రం ఇప్పటికీ ‘ఆసఫియా’ అనే కనిపిస్తుంది, దాన్ని నమ్మి వెళ్ళేవారు చాలామంది.

అర్ధరాత్రిచదువరి: నేను అక్కడికి వెళ్ళేది పోటీ పరీక్షల కోసం. ఎత్తైన పైకప్పు కింద వరుసగా వేసిన బల్లల దగ్గర సొంత పుస్తకాలతో కూర్చునే నాలాంటి వాళ్ళే ఎక్కువ. కొందరు పరిశోధకులు దీన్ని తప్పుపడతారు గానీ, ఇంట్లో చోటులేని విద్యార్థికి నిశ్శబ్దమైన బల్ల దొరకడం కూడా గ్రంథాలయ సేవే అని నా అభిప్రాయం. ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసేది మనందరి దగ్గరే కదా! (ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు వెళుతుందని తెలుసు, నా ఉద్దేశం పౌర గ్రంథాలయాలన్నిటి గురించి.)

అట్టలేనిపుస్తకం: దూరం నుంచి రావలసినవారైతే మొదట అంతర్జాలంలో వెతకండి. భారత డిజిటల్ గ్రంథాలయం పథకంలో ఇక్కడి పుస్తకాలు పెద్ద సంఖ్యలో స్కాన్ అయ్యాయి, లోపలి పుటల మీద ఈ గ్రంథాలయం ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. చిక్కల్లా పేర్లతోనే. తెలుగు శీర్షికలను ఆంగ్ల లిపిలో తోచినట్టు ఎక్కించడం వల్ల దీర్ఘాలు, ఒత్తులు తారుమారయ్యాయి. ‘చరిత్రము’ అని వెతికితే రానిది చివరి అక్షరం తీసేసి వెతికితే వస్తుంది. రచయిత పేరుతో, ముద్రించిన సంవత్సరంతో కూడా ప్రయత్నించండి.

పాతపుటలు: కృతజ్ఞతలు. స్కాన్‌లో పుటలు తప్పిపోయి ఉంటే అసలు ప్రతిని చూపిస్తారా?

మూసీతీరం: అడగండి, కానీ శీర్షిక, రచయిత, ముద్రణ సంవత్సరం, స్కాన్‌లో కనిపించే పరిగ్రహణ సంఖ్య (గ్రంథాలయం ఆ ప్రతికి వేసిన నమోదు సంఖ్య) కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పుస్తకం మరీ శిథిలమైతే ఇవ్వడమా మానడమా అన్నది అక్కడి గ్రంథపాలకుల నిర్ణయం. ఇచ్చినా, పెళుసుబారిన కాగితాన్ని ఫోటోకాపీ యంత్రం మీద అదిమిపెట్టమని అడగకండి. కావలసిన పేరాలు చేత్తో రాసుకోండి.