13బీ రోటరీ: వెనక రోటర్ ఎగ్జాస్ట్ మాత్రమే ఎందుకు ఇంత వేడెక్కుతోంది?

ప్రశ్న:
అన్నలకు నమస్తే. నాది 13బీ, అంటే పిస్టన్ల బదులు రెండు రోటర్లు తిరిగే మాజ్దా ఇంజిన్. స్ట్రీట్ పోర్ట్ (గాలి, పొగ వెళ్లే దారులు కాస్త పెద్దవి) చేయించాను. రెండు టర్బోలు తీసేసి ఒకే పెద్ద టర్బో పెట్టాను. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కూడా మార్చాను. ప్రైమరీ ఇంజెక్టర్లు కంపెనీవే, సెకండరీలు మాత్రం పెద్దవి, నిమిషానికి 1600 సీసీ. మానిఫోల్డ్‌లో ఒక్కో రోటర్‌కి ఒక్కో ఎగ్జాస్ట్ టెంపరేచర్ ప్రోబ్ ఉంది. మామూలుగా నడిపితే రెండూ దాదాపు ఒకేలా చూపిస్తాయి. ఫుల్ థ్రాటిల్ ఇస్తే మాత్రం ముందు రోటర్ 870 డిగ్రీలు, వెనకది 945. డౌన్‌పైప్‌లో (టర్బో తర్వాతి పైపు) ఉన్న వైడ్‌బ్యాండ్ సెన్సర్ గాలి-ఇంధన నిష్పత్తి 11.2 చూపిస్తోంది, అంటే మిశ్రమం బాగానే ఉన్నట్టు. వెనక రోటర్‌కి ఈసీయూలో కాస్త ఫ్యూయల్ పెంచితే సరిపోతుందా? రోటర్ కొనల్లో ఉండే ఎపెక్స్ సీల్స్ పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, ఇప్పుడే ట్రిమ్ (ఒక్కో రోటర్‌కి ఫ్యూయల్ సర్దుబాటు) జోలికి వెళ్లకు. ఆ 11.2 రెండు రోటర్ల పొగ కలిశాక వచ్చిన సగటు. ఒకటి రిచ్‌గా (ఫ్యూయల్ ఎక్కువ), ఇంకోటి లీన్‌గా (ఫ్యూయల్ తక్కువ) ఉన్నా అదే అంకె కనిపిస్తుంది. పైగా వేడి ఎక్కువైందంటే లీన్ అయిందనే గ్యారంటీ లేదు. రోటరీలో దహన గది పొడుగ్గా ఉంటుంది, రోటర్‌తో పాటు కదులుతూ ఉంటుంది. అందుకే ఒక్కో రోటర్‌కి లీడింగ్, ట్రెయిలింగ్ అని రెండు ప్లగ్గులు. ట్రెయిలింగ్ ప్లగ్ సరిగ్గా కొట్టకపోతే మంట ఆలస్యంగా పూర్తవుతుంది, మిగిలిన వేడి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. అప్పుడు నువ్వు ఫ్యూయల్ పెంచితే అంకె కిందికి దిగుతుంది గానీ జబ్బు అలాగే ఉంటుంది.

ముందు కొలిచేవాటినే అనుమానించు. రెండు ప్రోబ్‌లనీ అటుదిటు మార్చు. ఫిట్టింగ్ కదపకుండా మార్చాలి, లేకపోతే లోతు మారిపోయి పరీక్షకి అర్థం ఉండదు. మొన గ్యాస్ ప్రవాహం మధ్యలో ఉందా, గోడకి దగ్గరగా ఉందా, పోర్ట్ నుంచి రెండూ ఒకే దూరంలో ఉన్నాయా అన్నదీ చూడు. కే టైప్ (థర్మోకపుల్) ప్రోబ్ అయితే దాని వైర్‌ని మామూలు రాగి వైర్‌తో పొడిగించకూడదు, అతుకు దగ్గర వేడిని బట్టి రీడింగ్ తప్పుతుంది. ఇంకో మాట: ఈ పరీక్షలన్నీ తక్కువ బూస్ట్‌లోనే (టర్బో ఒత్తిడి) చెయ్యి. పిస్టన్ ఇంజిన్ ఒకటి రెండు నాక్‌లను (మిశ్రమం తనంతట తానే పేలడం) ఓర్చుకుంటుందేమో, ఎపెక్స్ సీల్ ఓర్చుకోదు.

మరో జవాబు:
నా ఓటు ఇగ్నిషన్‌కి. ట్రెయిలింగ్ వైర్లు ఒకదానికొకటి మారాయేమో చూడండి. కంపెనీ పద్ధతిలో లీడింగ్ ప్లగ్గులు రెండూ ఒకేసారి కొడతాయి కాబట్టి ఆ వైర్లు తారుమారైనా బండి మామూలుగానే నడుస్తుంది. ట్రెయిలింగ్ అలా కాదు, దేనికది విడిగా కొడుతుంది. అవి తారుమారైతే స్పార్క్ 180 డిగ్రీల తేడాతో, కొట్టకూడని చోట కొడుతుంది. అది ప్రమాదం. కంప్రెషన్ కూడా చూడాలి. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, మూడు రీడింగులూ దగ్గరగా రావాలి. ఒకటే తగ్గితే సీల్ వైపు చూడాలి.

అడిగినవారు:
థాంక్స్ అన్నా. ట్రెయిలింగ్ వైర్లు సరిగ్గానే ఉన్నాయి. కాయిల్స్, ప్లగ్గులు అటుదిటు మార్చినా వేడి వెనక రోటర్‌లోనే ఉంది. కంప్రెషన్‌లో మూడు ముఖాలూ సమంగా ఉన్నాయి, రెండు రోటర్లలోనూ. ప్రోబ్‌లు మార్చాక, అదే బూస్ట్‌లో ముందు 885, వెనక 930. ఇప్పుడు తేడా 75 కాదు, 45! అంటే ఏమనుకోవాలి?

జవాబు:
మంచి పరీక్ష చేశావు. ఒక ప్రోబ్ రెండోదానికంటే 15 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. అది వెనక ఉన్నప్పుడు తేడా 75కి పెరిగింది, ముందుకి వచ్చాక 45కి తగ్గింది. రెండింటి మధ్యది తీసుకో: అసలు తేడా 60. ప్రోబ్‌ది కొంత, రోటర్‌ది చాలా. తక్కువ చూపించే ప్రోబ్ మొన గోడకి దగ్గరగా ఉండొచ్చు, తీసి చూడు.

నీ మొదటి పోస్టులోనే ఇంకో ఆధారం ఉంది. మామూలుగా నడిపేటప్పుడు రెండూ సమానం, తొక్కితేనే తేడా. కంప్రెషన్ బాగుంది, ఇగ్నిషన్ బాగుంది. అయితే తొక్కినప్పుడే పనిలోకి దిగేది ఏది? సెకండరీ ఇంజెక్టర్లు. ఈసీయూ రికార్డు చేసిన లాగ్‌లో సెకండరీలు తెరుచుకునే చోటు నుంచే రెండు గీతలు విడిపోతున్నాయా చూడు. అలా అయితే రెండు సెకండరీలనీ అటుదిటు మార్చి, అదే గేర్‌లో అదే లోడ్‌లో మళ్లీ లాగ్ తియ్యి. ప్రైమరీలను ముట్టుకోకు. ఒకేసారి రెండు మార్చితే ఏది తేడా చేసిందో తెలియదు. వేడి ముందు రోటర్‌కి వస్తే ఇంజెక్టర్, రాకపోతే వైరింగ్, ఫ్యూయల్ రెయిల్ (ఇంజెక్టర్లకి ఇంధనం పంచే పైపు) లేదా వెనక వైపు గాలి ఎక్కువ వెళ్లడం.

అడిగినవారు:
వేడి ముందు రోటర్‌కి వచ్చింది! మీరన్నట్టే సెకండరీలు తెరుచుకునే చోటే గీతలు విడిపోతున్నాయి. ఆ ఇంజెక్టర్ తీసి చూస్తే లోపలి జల్లెడలో సన్నని నల్లటి చెత్త, రబ్బరు గొట్టం రాలిన ముక్కల్లా ఉంది. రెండిటినీ శుభ్రం చేయించి, ఫ్లో కొలిపించి పెట్టాను. ప్రోబ్‌లు మళ్లీ వాటి మొదటి చోట్లలోనే ఉన్నాయి. ఇప్పుడు తేడా 20 డిగ్రీలు. దాన్ని ట్రిమ్‌తో సున్నా చేసేయనా?

జవాబు:
ఆ 20లో 15 ప్రోబ్‌దే కదా. ఇంకా మిగిలేది 5. మానిఫోల్డ్ పైపుల పొడవు, గాలి పంపకం సరిగ్గా ఒకేలా ఉండవు కాబట్టి ఆ కాస్త ఉంటుంది, వదిలెయ్యి. మొదట ఆ తక్కువ చూపించే ప్రోబ్ మొన గోడకి దగ్గరగా ఉంటే, దాన్ని సరైన లోతుకి దించి మళ్లీ కొలువు. అసలు చూడాల్సింది ఆ రబ్బరు ఎక్కడి నుంచి వస్తోందన్నది. పంప్ నుంచి రెయిల్ దాకా గొట్టాలన్నీ విప్పి, లోపల వేలు పెట్టి తడిమి చూడు. నల్లగా అంటుకుంటే ఆ గొట్టం నువ్వు వాడే ఫ్యూయల్‌కి తట్టుకోవడం లేదన్నమాట. దాన్ని, ఫిల్టర్‌ని మార్చాకే బూస్ట్ పెంచు.