సిస్టోస్కోపీకి జెల్లీ చాలా, మత్తు అడగాలా?

హిందూపురం_అబ్బాయి
అందరికీ నమస్కారం. నాన్నకు 68 ఏళ్ళు. ఊళ్ళో ఒక్కరే ఉంటే లాభం లేదని బెంగళూరు కె.ఆర్.పురంలో మా ఇంటికే తీసుకొచ్చాను. ఆమధ్య ఒకరోజు యూరిన్ ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. మర్నాటికి మామూలైపోయింది. స్కానింగులో రాళ్ళేమీ లేవు, ప్రోస్టేట్ కాస్త పెరిగిందన్నారు, అంతే. అయినా సిస్టోస్కోపీ, అంటే మూత్రాశయంలోకి కెమెరా పెట్టి చూడాల్సిందేనని యూరాలజిస్టు పట్టుబడుతున్నారు.

ఇద్దరిని అడిగితే రెండు మాటలు చెప్పారు. ఒకరు ‘తిమ్మిరెక్కించే జెల్లీ వేసి ఓపీలోనే చేసేస్తాం, పది నిమిషాల పని’ అన్నారు. ఇంకొకరు ‘అడ్మిట్ చేయండి, నడుముకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తాం, ఆయనకేమీ తెలియదు’ అన్నారు. నేనైతే మత్తు వైపే ఉన్నాను. ఈ వయసులో మనిషిని మెలకువగా పడుకోబెట్టి ఆ చోట గొట్టం పెట్టడమంటే తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. గుండెలో స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు, అదీ ఒక టెన్షన్. చేయించుకున్నవాళ్ళు చెప్పండి.

మదనపల్లె_వాసి
తమ్ముడూ, రక్తం ఆగిపోయింది, స్కానింగ్ బాగుంది. ఇంకా కెమెరా దేనికి? మా పెదనాన్నకి కూడా ఇలాగే రాశారు. ఆయన పల్లేరుకాయల కషాయం తాగి, నీళ్ళు బాగా తాగి ఊరుకున్నాడు. ఇప్పటికీ పొలం వెళ్తున్నాడు. పెద్దవాళ్ళని బెదరగొట్టి ఇలాంటి పరీక్షలు చేయించడం నాకు నచ్చదు.

ఓటీ_సిస్టర్
మదనపల్లె అన్నగారూ, మీ పెదనాన్నగారు బాగున్నందుకు సంతోషం. కానీ ఈ సలహా ఇక్కడ చదివి ఎవరైనా ఆగిపోతారేమోనని నా భయం. నేను బెంగళూరులో ఒక యూరాలజీ ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో నర్సుని. నొప్పి లేకుండా వచ్చే రక్తాన్నే మేం ఎక్కువ అనుమానిస్తాం. రాయి ఉంటే సాధారణంగా నొప్పి ఉంటుంది, ఇన్ఫెక్షన్ అయితే మంట ఉంటుంది. మూత్రాశయంలో గడ్డ మొదట్లో సాధారణంగా ఏ నొప్పీ పెట్టదు. ఒకసారి రక్తం చూపించి, తనంతట తనే ఆగి, కొన్ని నెలల తర్వాత మళ్ళీ కనిపిస్తుంది. చిన్న గడ్డలు స్కానింగుకి దొరక్కపోవచ్చు. లోపలి పొరకు అంటుకుని చదునుగా ఉండే రకమైతే అసలే దొరకదు. అవి కంటితో చూడాల్సినవే.

హిందూపురం తమ్ముడూ, నాన్నగారికి బీడీ, సిగరెట్ అలవాటు ఉండేదా?

హిందూపురం_అబ్బాయి
ఉండేదక్కా. స్టెంట్ వేశాకే మానేశారు. ఊపిరితిత్తులకే అనుకున్నాం, దీనికీ సంబంధం ఉందా?

ఓటీ_సిస్టర్
ఉంది. పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీలు వడపోశాక మూత్రంలోకి వస్తాయి. ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయంలోనే నిలవుంటుంది కదా. మూత్రాశయ క్యాన్సర్‌కి పొగాకే పెద్ద కారణం. నాన్నగారికి అదే ఉందని కాదు, ప్రోస్టేట్ పెరిగినా రక్తం పడొచ్చు. చూడకుండా తేల్చలేం, అంతే.

బ్రూక్‌ఫీల్డ్_బావ
పరీక్ష కావాలి, ఒప్పుకుంటాను. కానీ ‘జెల్లీ చాలు’ అనేవాళ్ళ మీద నాకు కోపం ఉంది. నాకు చేసింది ఇక్కడే, పేరున్న ఆసుపత్రిలోనే. పేరు చెప్పను. ‘చీమ కుట్టినట్టుంటుంది’ అన్నారు. బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళు పైకెత్తి కట్టి, జెల్లీ వేసిన చేత్తోనే గొట్టం తీశారు. చూస్తే నిలువునా ఇనుప కడ్డీ. పట్టుకున్న బల్ల అంచు వదిలించుకోవడానికి తర్వాత నా వేళ్ళే నాకు సహకరించలేదు. మధ్యలో ఆపమంటే ‘అయిపోయింది, అయిపోయింది’ అంటూనే ఉన్నారు. తర్వాత చెకప్‌కి వెళ్ళడానికి ఏడాది వెనకాడాను. మీ నాన్నగారికి మత్తే ఇప్పించండి. నొప్పి భరించడంలో గొప్పేమీ లేదు.

సర్జాపుర_రోడ్
బావగారూ, మీకు జరిగింది అన్యాయం. కానీ మీకు పెట్టింది రిజిడ్ స్కోప్. మగవాళ్ళ మూత్రనాళం ఇరవై సెంటీమీటర్ల దాకా ఉంటుంది, వంపులు కూడా ఉంటాయి. నిటారు గొట్టం పోవాలంటే ఆ వంపుని సాగదీయాలి, నొప్పంతా అక్కడే. ఫ్లెక్సిబుల్ స్కోప్ సుమారు అయిదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, వంపుతో పాటే వంగుతుంది. నాకు కిడ్నీలో రాయి తీశాక కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా వేసిన సన్న గొట్టం (డీజే స్టెంట్) దాంతోనే జెల్లీ వేసి తీశారు. ప్రోస్టేట్ దగ్గర దాటేటప్పుడు గట్టిగా ఒక చురుకు, తర్వాత సెలైన్ నింపుతుంటే ‘ఇప్పుడే పోసేస్తానేమో’ అన్నంత ఒత్తిడి. నొప్పి కంటే ఆ ఒత్తిడే ఎక్కువ ఇబ్బంది. అయ్యాక బట్టలు వేసుకుని ఆటోలో ఇంటికొచ్చాను. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో యూరిన్ ఆపుకోవడం కష్టమైంది, కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి వెళ్ళిరండి.

నా ఓటు ఫ్లెక్సిబుల్ ఉంటే జెల్లీకి. రిజిడ్ మాత్రమే ఉందంటే, మగవాళ్ళకి మత్తు.

ఓటీ_సిస్టర్
సర్జాపుర గారు చెప్పినదాంట్లో ముప్పాతిక నా మాట కూడా. బావగారి విషయంలో స్కోప్ ఒక్కటే కాదు, ఇంకో తప్పూ జరిగింది. జెల్లీ వేసిన చేత్తోనే మొదలుపెట్టారన్నారు చూడండి. ఆ జెల్లీలో లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందు ఉంటుంది. అది పట్టాలంటే పది నిమిషాలు లోపల నిలవాలి. వెంటనే మొదలుపెడితే జారడానికి తప్ప తిమ్మిరికి పనికిరాదు. బయట క్యూ పెరిగిపోతుంటే మొదట కోత పడేది ఆ పది నిమిషాలకే. మేం గడియారం చూసి వేస్తాం. ‘సిస్టర్, జెల్లీ వేసి ఎంతసేపైంది’ అని అడిగే పేషెంటంటే నాకు గౌరవం.

ఇంకొకటి చెప్తాను. స్కోప్ మూత్రాన్ని ఆపే బిగుతు కండరం దగ్గరికి రాగానే సెలైన్ బ్యాగును చేత్తో ఒత్తుతాం. ఆ నీటి తోపుకి దారి తెరుచుకుంటుంది. ఇలా చేస్తే మగవాళ్ళకి నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లోనూ తేలింది. అదే సమయంలో ‘యూరిన్ పోస్తున్నట్టు వదిలెయ్యండి’ అంటాం. సిగ్గుతో బిగబట్టారా, బాధ రెట్టింపు. అలాగే తెర మీద తమ మూత్రాశయాన్ని తామే చూసుకునేవాళ్ళకి బాధ తక్కువనిపిస్తుంది. లేత గులాబీ రంగు గోడ, దాని మీద సన్నటి రక్తనాళాలు, కిడ్నీల నుంచి మూత్రం చిన్న చిమ్ములా వచ్చే రెండు రంధ్రాలు. చాలామంది ‘నాది ఇంత శుభ్రంగా ఉందా’ అని ఆశ్చర్యపోతారు.

బ్రూక్‌ఫీల్డ్_బావ
సిస్టర్, మీలాంటివాళ్ళు ఉన్నచోట సరే. అన్నిచోట్లా మీరు ఉండరు కదా. పేషెంటు అదృష్టం మీద ఆధారపడే పద్ధతి కంటే మత్తే నయం కాదా? ఇంకో లాభం కూడా ఉంది. మత్తులో ఉండగా గడ్డ కనిపిస్తే అప్పుడే తీసేయొచ్చు. జెల్లీతో చూస్తే ‘ఉంది’ అని చెప్పి మళ్ళీ ఇంకో రోజు రమ్మంటారు.

ఓటీ_సిస్టర్
ఆ పాయింటు నిజమే. స్కానింగులోనో సీటీలోనో గడ్డ ముందే కనబడితే, జెల్లీతో చూసి కూర్చోనక్కర్లేదు, నేరుగా మత్తులోనే తీస్తారు. రక్తం గడ్డలు కట్టి పడుతున్నా రిజిడ్ స్కోపే మేలు, దాంతో కడిగి చూడొచ్చు. కానీ తమ్ముడి నాన్నగారికి స్కానింగులో ఏమీ లేదు.

పైగా ఆయన గుండె స్టెంటుకి వాడే రక్తం పలచబడే మాత్ర క్లోపిడోగ్రెల్ అయితే, నడుముకి మత్తివ్వాలంటే సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల ముందు దాన్ని ఆపమంటారు. లేదంటే వెన్ను దగ్గర రక్తస్రావం అయ్యే ప్రమాదం. ఆపితే గుండె స్టెంటులో రక్తం గడ్డకట్టే ప్రమాదం. పది నిమిషాలు చూడ్డానికి అంత రిస్కు ఎందుకు? ఫ్లెక్సిబుల్‌తో ఊరికే చూసేటట్టయితే మామూలుగా ఆ మాత్ర ఆపరు. ఏదైనా కార్డియాలజిస్టుని అడగండి, మీ అంతట మీరు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు. ప్రోస్టేట్ పెరిగినవాళ్ళకి నడుము మత్తు తర్వాత యూరిన్ బిగుసుకుపోయి పైపు వేయాల్సి రావడం కూడా నేను చూస్తుంటాను.

రాగిసంగటి_అక్క
అంతా మగవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. ఆడవాళ్ళు చదువుతుంటే వాళ్ళకోసం రాస్తున్నాను. మన నాళం నాలుగు సెంటీమీటర్లే. నాకు రిజిడ్‌తోనే, జెల్లీతోనే చేశారు. నొప్పి పెద్దగా లేదు. నన్ను బాధపెట్టింది వేరే విషయం. కాళ్ళు పైకెత్తి పడుకున్నాక తలుపు తెరిచి ఎవరో ఫైలు కోసం వచ్చారు. దుప్పటి కప్పమని నేనే అడగాల్సి వచ్చింది. ఆడ సిబ్బంది ఒకరు పక్కన ఉండాలని ముందే చెప్పండి. మొహమాటపడకండి. జెల్లీయా మత్తా అనే చర్చలో ఈ మర్యాద సంగతి ఎవరికీ గుర్తురాదు.

ఇన్సూరెన్స్_చూసేవాడు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. మత్తుతో అడ్మిట్ అయితే ఇన్సూరెన్స్ వస్తుందని కొందరు ఆశపడతారు. పాలసీ కాగితాల్లో ‘ఎక్సెల్ 04’ అని ఒక మినహాయింపు ఉంటుంది, చూసుకోండి. కేవలం పరీక్ష కోసమే జరిగే అడ్మిషన్‌కి డబ్బులివ్వరు. లోపల ఏదో దొరికి చికిత్స జరిగితే లెక్క వేరు. ముందస్తు అనుమతి అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఖర్చు భారమైతే బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది. రద్దీ ఉంటుంది, కానీ రోజూ ఇదే పని చేసే చేతులు.

హిందూపురం_అబ్బాయి
నాన్న వాడేది క్లోపిడోగ్రెలే. అది ఆపాలన్న సంగతి మత్తిస్తామన్న చోట ఎవరూ చెప్పలేదు. అలాగైతే జెల్లీయే, కానీ ఫ్లెక్సిబుల్ ఉన్నచోటే. అక్కా, ముందు, తర్వాత ఏం చూసుకోవాలి?

బ్రూక్‌ఫీల్డ్_బావ
గుండె సంగతి ఉంది కాబట్టి ఈ ఒక్క కేసులో సరే. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి, అదీ రిజిడ్ పెట్టేచోట, మత్తు అడిగే హక్కు ఉండాలనే మాట మీదే నేనున్నాను.

ఓటీ_సిస్టర్
బావగారూ, ఆ మాటతో నాకూ పేచీ లేదు.

తమ్ముడూ, ముందు యూరిన్ పరీక్ష, యూరిన్‌లో క్రిములున్నాయేమో చూసే కల్చర్ చేయించండి. ఇన్ఫెక్షన్ ఉండగా స్కోప్ పెడితే అది రక్తంలోకి పాకే ప్రమాదం ఉంది, కాబట్టి తగ్గాకే చేయించాలి. ఏ ఇన్ఫెక్షనూ, ప్రత్యేక రిస్కూ లేనివాళ్ళకి యాంటీబయాటిక్ తప్పనిసరి కాదు, నాన్నగారికి కావాలో లేదో డాక్టరే చెప్తారు. జెల్లీతో అయితే పస్తు అక్కర్లేదు, ఇడ్లీ తినిపించే తీసుకెళ్ళండి. అయ్యాక రెండు రోజులు మంట, కాస్త గులాబీ రంగు మామూలే. నీళ్ళు, మజ్జిగ బాగా ఇవ్వండి, గుండెకి నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే ఆ కొలత దాటొద్దు. చలిజ్వరం వచ్చినా, రక్తం గడ్డలుగా పడినా, కడుపు నిండినట్టుండి యూరిన్ రాకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.