లోతు నీళ్లలో మెదడు: అనుభవం మత్తును ఆపుతుందా?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
శ్రీశైలం డ్యామ్ కింద ప్లంజ్ పూల్ (గేట్ల నుంచి దూకే నీళ్లు పడేచోటు) గొయ్యి గురించి మాట వచ్చినప్పుడు ఒకాయన గట్టిగా అన్నాడు: "పాత డైవర్‌కు ఎంత లోతైనా మెదడు మొద్దుబారదు, అలవాటైపోతుంది." ఈ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుందని నా భయం. సిలిండర్‌లో మామూలు గాలి పీలుస్తూ సముద్రంలో 30 మీటర్లు దిగితే ఒత్తిడి పైనున్నదానికి నాలుగు రెట్లు. అప్పుడు నైట్రోజన్ ఒంట్లో ఎక్కువగా కరిగి, తాగినవాడి తలలా చేస్తుంది. ఈ మత్తుకు నైట్రోజనే కారణమని అమెరికా నేవీ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కే బృందం 1935లోనే చెప్పింది. అనుభవం ఆ వాయువును ఎలా ఆపుతుంది?

పెన్నా పిల్లోడు (అనంతపురం):
అన్నా, వాయువును ఆపదు, నిజమే. కానీ కొత్తవాడు టెన్షన్‌తో కాళ్లూచేతులూ ఊరికే ఆడిస్తాడు, ఊపిరి సరిగా వదలడు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే మత్తు ఇంకా ముదురుతుంది. పాతవాడు నిదానంగా ఊపిరి తీస్తాడు. అంటే అనుభవం మెదడుకు నేరుగానే మేలు చేస్తోంది కదా?

తుంగభద్ర గట్టు:
ఆ మాట ఒప్పుకుంటా. కానీ ప్రెషర్ ఛాంబర్‌లో, అంటే లోపల గాలి ఒత్తిడి పెంచే మూసిన గదిలో, అదే ఒత్తిడికి మళ్లీ మళ్లీ గురిచేసి చూసిన ప్రయోగాల్లో, మనుషులు "మత్తు తగ్గింది" అన్నారు గానీ లెక్కలు చేయడంలాంటి పనిలో వేగం ఆ మేరకు కోలుకోలేదు. బాగున్నాననిపించడం వేరు, బాగుండటం వేరు. తాగి తాగి అలవాటైనవాడు "నాకేం ఎక్కలేదు" అని బండి తీసినట్టే ఇది.

గండికోట (కడప):
మన గజ ఈతగాళ్ల సంగతేంటి మరి? సిలిండర్ లేకుండానే మునుగుతారు.

తుంగభద్ర గట్టు:
వాళ్లు మునిగే కొద్ది లోతులో నైట్రోజన్ మత్తు సమస్య కాదప్పా. అక్కడ భయం ఆక్సిజన్ అయిపోవడం. దిగేముందు గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, గాలి కావాలన్న ఆరాటమే ఆలస్యంగా పుడుతుంది. ఈలోపే స్పృహ పోవచ్చు. ఆరాటాన్ని అణచుకోవడం బాగా అలవాటైనవాడికి ముప్పు ఇంకా ఎక్కువ.

పెన్నా పిల్లోడు:
మరీ లోతుకైతే నైట్రోజన్ బదులు హీలియం కలుపుతారు. అయినా 150 మీటర్లు దాటి వేగంగా దించితే చేతులు వణుకుతాయి, ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల నమోదులో) నెమ్మది తరంగాలు పెరుగుతాయి. అది కూడా అందరికీ ఒకేలా రాదు. 1992లో ఫ్రాన్స్ కోమెక్స్ కంపెనీ ఛాంబర్‌లో, హైడ్రోజన్ కూడా కలిపిన వాయువుతో, ఒక డైవర్ 701 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిని తట్టుకున్నాడు. అది అనుభవమా, పుట్టుకతో వచ్చిన ఒంటి తీరా? నువ్వు చెప్పిన ప్రయోగాల్లోనూ ఒక చిక్కుందన్నా. అదే లెక్క పదేపదే చేయిస్తే లెక్కే అలవాటవుతుంది. కోలుకున్నది మెదడని ఎలా అంటాం?

తుంగభద్ర గట్టు:
సరైన ప్రశ్న. అందుకే ఇంకో గుంపుతో అవే లెక్కలు పైన, మామూలు గాలిలో, అన్నిసార్లే చేయించి పోల్చాలి. ఆ పోలిక లేకుండా "అలవాటైంది" అనే మాటను నమ్మి ఎవరినీ లోతుకు దింపకూడదు.