రిపోర్టులో నార్మల్ అంటే ఒంట్లోనూ నార్మలేనా?

నీలిగొడుగు: మూడు నెలలుగా ఒకటే నీరసం, మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.4, కాల్షియం, మెగ్నీషియం అన్నీ నార్మల్. మరి ఏ లోపమూ లేనట్టేనా?

పాతచెప్పులు: కాల్షియం నార్మల్ అని సంబరపడకండి. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో తగ్గితే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకల్లోంచి లాగి మరీ సరిచేస్తుంది, అంటే బీరువా ఖాళీ అవుతున్నా జేబులో చిల్లర మాత్రం ఎప్పుడూ అంతే కనిపిస్తుందన్నమాట. మెగ్నీషియమూ అంతే, సీరంలో, అంటే టెస్టు చేసే రక్తపు ద్రవంలో, ఉండేది 1 శాతం లోపే. మీ లక్షణాలకి ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే టెస్టు) చూడాలి, హిమోగ్లోబిన్ పడిపోకముందే ఐరన్ నిల్వలు అడుగంటుతాయి.

నీలిగొడుగు: ఫెరిటిన్ కూడా ఉందండోయ్, రెండో పేజీలో, ఇప్పుడే చూశా. 48. బాగున్నట్టేగా?

వానచినుకు: శాంపిల్ ఇచ్చినప్పుడు జ్వరం గట్రా ఏమైనా ఉందా? ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఫెరిటిన్ పెరుగుతుంది, లోపం దాని వెనక దాక్కుంటుంది. పక్కన సీఆర్‌పీ, అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉందో లేదో చెప్పే టెస్టు కూడా చూడాలి. నాకు బీ12 బోర్డర్‌లో వచ్చింది, డాక్టర్ మిథైల్‌మలోనిక్ యాసిడ్ (బీ12 తగ్గితే ఒంట్లో పెరిగే పదార్థం) టెస్ట్ రాస్తే అది ఎక్కువొచ్చి అసలు లోపం బయటపడింది. ఇంకోటి, జుట్టుకని బయోటిన్ విటమిన్ మాత్రలు మింగుతున్నారా? కొన్ని థైరాయిడ్ టెస్టుల్ని అది తారుమారు చేస్తుంది, ముందే చెప్పండి.

నీలిగొడుగు: అయ్యో, జ్వరం తగ్గిన రెండో రోజే ఇచ్చా. బయోటిన్ కూడా... రోజూ. రెండూ డాక్టర్‌కి చెప్పి మళ్లీ చేయిస్తా.