వైద్య కళాశాల ఇంటర్వ్యూలో రాత భాగానికి అమ్మాయిని ఎలా సిద్ధం చేయాలి?

మారతహళ్లి నాన్న (ప్రశ్న)

నమస్కారమండీ. మా అమ్మాయి ఇక్కడే బెంగళూరులో సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి చదువుతోంది. ఒకవైపు నీట్‌కు తయారవుతూనే, బ్రిటన్‌లోని వైద్య కళాశాలలకు అక్టోబరు 15 గడువులోపు దరఖాస్తు పెట్టుకుంది. అక్కడి వైద్య ప్రవేశ పరీక్ష యూక్యాట్‌లో మంచి స్కోరే వచ్చింది. ఇప్పుడు ఒక కళాశాల నుంచి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మాటల్లో జవాబు చెప్పే స్టేషన్లతో (ఒక్కో అంశం మీద విడిగా అడిగే చిన్న అంచెలతో) పాటు రాత భాగం కూడా ఉంటుందనీ, ఒక సందర్భాన్ని ఇచ్చి దానిమీద అరగంటలో పేజీకి మించకుండా రాయమంటారనీ తెలియజేశారు.

అమ్మాయికి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే గడగడా చెబుతుంది. కానీ పదో తరగతి అయినప్పటి నుంచి కోచింగంతా నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకుని ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు నింపడంగానే సాగింది కనుక, తెల్లకాగితం ముందు పెడితే చాలాసేపటి వరకు కలం కదలడం లేదు. కోచింగ్ సెంటరువారు నమూనా వ్యాసాల కట్ట ఒకటి ఇచ్చి కంఠతా పట్టమన్నారు. అది సరైన దారేనా? వైద్య నీతి మీద లావుపాటి పుస్తకాలు చదివించాలా? చేతిరాతకు మార్కులుంటాయా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జయనగర్ మాస్టారు

ముందుగా ఆ నమూనా వ్యాసాల కట్టను అటక మీద పెట్టించండి. కంఠతా పట్టిన వ్యాసంతో వచ్చే చిక్కేమిటంటే, అడిగిన ప్రశ్న ఏదైనా సరే, పిల్లలు దాన్ని తమకు వచ్చిన జవాబు వైపు లాక్కుపోతారు. ‘వయోజనుడైన రోగి రక్తమార్పిడి వద్దంటే ఏం చేస్తారు’ అన్న వ్యాసం నోటికి వచ్చిన పిల్లలు, ‘పదిహేనేళ్ల బాలుడు వద్దంటే’ అని అడిగినా అదే అప్పగిస్తారు; వయసు మారేసరికి ప్రశ్నే మారిపోయిందన్న సంగతి గమనించరు. ఇంగ్లండులో పదహారేళ్ల లోపు పిల్లలు కూడా విషయాన్ని పూర్తిగా అర్థం చేసుకోగలిగితే చికిత్సకు తామే సమ్మతి ఇవ్వవచ్చని 1985లో గిలిక్ కేసులో తీర్పు వచ్చింది. అయితే ప్రాణం నిలిపే చికిత్సను వారు నిరాకరించినప్పుడు న్యాయస్థానం దాన్ని పక్కనపెట్టి చికిత్స చేయమనవచ్చు. ఇంత చట్టం మీ అమ్మాయికి తెలియకపోయినా ఫరవాలేదు కానీ, ‘ఇక్కడ వయసు ముఖ్యం’ అన్న ఒక్క వాక్యమైనా ఆమె కలం నుంచి రావాలి.

సాధన కోసం ఒక మంచి వనరు ఉంది. బ్రిటన్‌లోని కొన్ని వైద్య కళాశాలల ప్రవేశానికి పెట్టి, 2023తో ఆపేసిన బీమ్యాట్ పరీక్షలో మూడో విభాగం అచ్చంగా ఇలాంటిదే: అరగంట సమయం, ఒక్క ఏ4 పేజీ. ఒక వ్యాఖ్యను ఇచ్చి, దాని అర్థాన్ని వివరించమని, దానికి ఎదురు వాదన చెప్పమని, మీరు ఎంతవరకు ఏకీభవిస్తారో తేల్చమని అడిగేవారు. పాత ప్రశ్నలు ఇంటర్నెట్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఈ మూడింటిలో ఎదురు వాదన దగ్గరే తడబడతారు. రెండు ముక్కల్లో దాన్ని కానిచ్చేసి తమ అభిప్రాయంలోకి దూకుతారు. అందుచేత కొన్నాళ్లపాటు ఎదురు వాదన పేరా ఒక్కటే రాయించండి, అదీ ఆమెకు ఇష్టంలేని పక్షం నుంచి.

అరగంటలో మొదటి ఆరేడు నిమిషాలు రాయనివ్వకండి. ప్రశ్నలో ఏం చేయమన్నారో ఆ మాటల కింద గీత గీసి, రఫ్‌గా నాలుగు ముక్కలు వేసుకున్నాకే మొదలుపెట్టాలి. చివరి మూడు నిమిషాలు చదువుకోవడానికి. ఇక చేతిరాత విషయానికొస్తే, ముత్యాల కోవలా ఉండనవసరం లేదు, చదివేవారు తడుముకోకుండా ఉంటే చాలు. మీది ఆన్‌లైన్ అంటున్నారు కనుక రాయాలో టైపు చేయాలో పిలుపు ఉత్తరంలో మరొక్కసారి చూడండి. టైపు అయితే అక్షరదోషాలు దిద్దే సదుపాయాన్ని ఆపేసి సాధన చేయించండి.

మారతహళ్లి నాన్న

చాలా కృతజ్ఞతలు మాస్టారూ. టైపు చేయాలనే ఉంది. నిన్న రాత్రి ఈ సందర్భం ఇచ్చాను: ‘మూర్ఛలు వస్తున్న ఒక బస్సు డ్రైవరు, ఈ విషయం ఎవరికీ చెప్పవద్దని మిమ్మల్ని వేడుకున్నాడు. మీరేం చేస్తారు?’ ఆమె మొదటి పేరా తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: ‘వైద్య నీతికి నాలుగు మూలస్తంభాలున్నాయి. అవి స్వయంనిర్ణయం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం. ఈ సందర్భంలో స్వయంనిర్ణయానికీ న్యాయానికీ మధ్య సంఘర్షణ ఏర్పడింది. రోగి గోప్యతను కాపాడటం వైద్యుని పవిత్ర బాధ్యత.’ చదవడానికి నాకు బాగానే అనిపించింది కానీ, ఏదో లోపించినట్టూ ఉంది.

అడయారు డాక్టరమ్మ

లోపించింది డ్రైవరండీ. నాలుగు వాక్యాలు అయిపోయినా ఆ మనిషి ఇంకా గదిలోకి రాలేదు.

నేను కొన్నేళ్లు బ్రిటన్‌లో పనిచేసి చెన్నైకి తిరిగివచ్చాను. ఆ నాలుగు సూత్రాలు 1979లో ఇద్దరు అమెరికన్ తత్త్వవేత్తల పుస్తకంతో ప్రచారంలోకి వచ్చాయి. ఆలోచించడానికి అవి చక్కటి పనిముట్లే, కాదనను. కానీ జవాబును వాటి జాబితాతో మొదలుపెట్టే అభ్యర్థులు ఎంతమంది ఉంటారంటే, దిద్దేవారి కళ్లు ఆ పేరాను దాటేసి ముందుకు వెళ్లిపోతాయి. సూత్రం పేరు చెప్పకుండానే అది పనిచేయడం కనిపించాలి.

అమ్మాయిని ముందు ఒక బీఎంటీసీ (బెంగళూరు సిటీ బస్సు) డ్రైవరును ఊహించుకోమనండి. ఆయన ఎందుకు వద్దంటున్నాడు? ఉద్యోగం పోతుందని, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆగిపోతాయని. ఆ భయాన్ని అడిగి తెలుసుకోవడమే మొదటి పని కాబట్టి, మొదటి పేరా కూడా అక్కడే మొదలవ్వాలి. నేనైతే ఇలా రాయమంటాను: ‘ఈయన తన జీవనాధారం పోతుందన్న భయంతో నన్ను వేడుకుంటున్నాడు. ఆ భయం న్యాయమైనదే. అయితే ఆయన నడిపే బస్సులో కూర్చున్నవారికి, ఆ దారిన నడిచేవారికి ఈ ప్రమాదం గురించి తెలియదు, తెలియనివారు జాగ్రత్తపడలేరు.’ ఇందులో నాలుగు సూత్రాల్లో ఒక్కదాని పేరైనా లేదు, కానీ సంఘర్షణ మొత్తం ఉంది.

తర్వాత ఏం చేస్తారన్నది వరుసగా రావాలి. బ్రిటన్‌లో తన జబ్బు గురించి డ్రైవింగ్ లైసెన్సు సంస్థ డీవీఎల్‌ఏకు తెలియజేయవలసిన చట్టపరమైన బాధ్యత డ్రైవరుదే. డాక్టరు ఆయనకు ఆ సంగతి చెప్పి, బండి నడపడం ఆపమని ఒప్పించడానికి గట్టిగా ప్రయత్నించాలి. ఎంత చెప్పినా వినకుండా నడుపుతూనే ఉంటే, ముందుగా ఆయనకు చెప్పి, ఆ తర్వాతే సంస్థకు తెలియజేయాలని అక్కడి వైద్యులను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గోప్యత గొప్పదే కానీ నిరపేక్షమైనది కాదు. చాలామంది పిల్లలు ‘ఎవరికీ చెప్పను’ అని గానీ ‘వెంటనే ఫిర్యాదు చేస్తాను’ అని గానీ రాసేస్తారు. ఈ రెండింటి మధ్య జరగవలసిన సంభాషణే అసలు జవాబు. పైఅధికారి అయిన సీనియరు డాక్టరు సలహా తీసుకుంటానని కూడా ఒక ముక్క రాయాలి. విద్యార్థి దశలో అన్నీ తానే తేల్చేస్తాననడం అక్కడివారికి ఏమాత్రం నచ్చదు.

లావుపాటి పుస్తకాలు అక్కర్లేదు. ఆ కౌన్సిల్ వెలువరించే ‘గుడ్ మెడికల్ ప్రాక్టీస్’ చదివించండి. 2024 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రతి ఉచితంగానే దొరుకుతుంది.

వైట్‌ఫీల్డ్ అమ్మ

మా అబ్బాయి ఈ దారిలోనే వెళ్లి ఇప్పుడు అక్కడ చదువుతున్నాడు. మాస్టారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, అసలేమీ ముందుగా సిద్ధం చేసుకోకూడదని అమ్మాయి అనుకుంటే ఇబ్బంది. వ్యాసాలు వద్దు సరే, ఉదాహరణలు మాత్రం చేతిలో ఉండాలి. అవయవదానాన్నే తీసుకోండి. ఇంగ్లండులో 2020 మే నుంచి, కాదని చెప్పని వయోజనులను దాతలుగానే పరిగణిస్తున్నారు. అయినా కుటుంబంతో మాట్లాడాకే ముందుకు వెళతారు. మన దగ్గర 1994 చట్టం ప్రకారం సమ్మతి తీసుకోవలసిందే. అదే చట్టంతో తమిళనాడు 2008లో మొదలుపెట్టిన కార్యక్రమం ద్వారా మరణానంతర దానంలో దేశంలో ముందు వరుసలో నిలిచింది. దాతలకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరుపుతామని 2023లో ప్రకటించింది కూడా. చట్టం మార్చడం ముఖ్యమా, ఆస్పత్రిలో కుటుంబంతో మాట్లాడే మనిషి ముఖ్యమా అని ప్రశ్న వస్తే, ఇక్కడ పెరిగిన పిల్లలు రాయగలిగినంత బలంగా అక్కడి పిల్లలు రాయలేరు. బ్రిటన్ ఉదాహరణలే రాయాలన్న మొహమాటం అక్కర్లేదు.

మరొక సంగతి. బ్రిటన్‌లో సీటు వచ్చినా, తిరిగివచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే నీట్‌లో అర్హత సాధించి తీరాలి, కాబట్టి ఈ హడావిడిలో దాన్ని వదిలేయనివ్వకండి. సీబీఎస్‌ఈ పరీక్షలు ఫిబ్రవరిలో మొదలవుతాయి. ఇంటర్వ్యూ తేదీల్లో ఎంచుకునే అవకాశం ఇస్తే డిసెంబరు, జనవరి తేదీలే తీసుకోండి. శీతాకాలంలో అక్కడి ఉదయం తొమ్మిది గంటలంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. భోజనం చేసి కునుకు వచ్చే వేళ అది. సాధన కూడా ఆ వేళకే పెట్టండి, రూటరును ఇన్వర్టరుకు కలిపి ఉంచండి.