సమస్య: “నైసువాడవన్న నన్ను దిట్టె”

పృచ్ఛకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. పొగిడితే తిట్టడమేమిటి? ఆ చిక్కు విప్పాలి. ఒక ఆధారం: ‘నైస్’కు మూలం లాటిన్ ‘నెస్కియుస్’. ‘నె’ అంటే కాదు, ‘స్కిరె’ అంటే తెలియడం. వెరసి ఏమీ తెలియనివాడు. సైన్స్ అనే మాటా ఆ ‘స్కిరె’ నుంచే వచ్చింది.

పద్యప్రియ:

కలను లండనేగి కలిసితి నొక్కని
నారువందలేండ్ల కవలివాని
మెచ్చుకొనగ దలచి మెల్లమెల్లన జేరి
నైసువాడవన్న నన్ను దిట్టె

పృచ్ఛకుడు: చాలా బాగుందమ్మా. రెండో పాదంలో స్వరయతి, అంటే ‘ఆరు’, ‘అవలి’ మాటల మొదటి అచ్చుల పొత్తు, చక్కగా పడింది. కాలం కూడా సరిపోయింది. 1300 ప్రాంతంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లో చేరినప్పుడు ఆ మాటకు అర్థం తెలివితక్కువ అనే. తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టే మనిషి, ఆపైన నాజూకు, సూక్ష్మం. ‘నైస్ డిస్టింక్షన్’ అంటే ఇప్పటికీ సూక్ష్మభేదమే. మనం వాడే ‘మంచి, బాగుంది’ అన్న అర్థం 18వ శతాబ్దంలో స్థిరపడింది.

కలంబాట:

మూలమెరిగినట్టి ముదుసలి గురువును
తెలివిలేమి యనుచు దెలియలేక
మొక్కి పొగడబోతి హర్షమ్ముతోడను
నైసువాడవన్న నన్ను దిట్టె

పృచ్ఛకుడు: మూడో పాదంలో యతి తప్పింది. ‘మొ’కు ‘హ’ చెల్లదు. ‘మోదమ్ముతోడను’ అంటే సరి. నాకు అంతకన్నా పెద్ద ఇబ్బంది భావంలో ఉంది. గురువుగారిని ‘వాడవు’ అంటే ఆ మర్యాదలోపానికే కోపం వస్తుంది, తిట్టుకు కారణం ‘నైస్’ మీంచి జారిపోతుంది. పైగా మూలం తెలిసినంత మాత్రాన నేటి మాటకు పాత అర్థం అంటగట్టి ఎవరూ కోప్పడరు. మాటకు అర్థం వాడుకలో ఉంటుంది, పుట్టుకలో కాదు.

పద్యప్రియ: మన దగ్గరా ఇలాంటిదే ఉంది కదండీ! మూఢ, ముగ్ధ రెండూ ‘ముహ్’ ధాతువు నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు. ముగ్ధకూ మొదట మతి తోచనిదనే అర్థం. అక్కడి నుంచి అమాయకం, ఆపైన అందం. ముగ్ధమోహనం అన్నప్పుడు ఆ పాత అర్థం ఎవరికీ తట్టదు. మూఢ మాత్రం పాపం, పుట్టినచోటే ఉండిపోయింది.

కలంబాట: అందుకే గురువుగారిని తప్పించి, పాత ఫ్రాన్సుకే వెళ్లాను. అక్కడా ఆ మాట తిట్టే కదా.

పారిసందు నాటి పామరునొక్కని
తెలివిలేమి యనుచు దెలియలేక
మొక్కి పొగడబోతి మోదమ్ముతోడను
నైసువాడవన్న నన్ను దిట్టె